వంశధర్మం, మతధర్మం: బుగాండా చరిత్రలో ఒక అధ్యాయం

దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) వారి దౌత్యం ఐదవ సంవత్సరంలో, అనగా క్రీ.శ. 615 ప్రాంతంలో, మక్కాలో బ్రతుకు దుర్భరమైన కొందరు విశ్వాసులు ఎర్ర సముద్రం దాటి హబ్షా చేరారు. అచటి రాజు నజాషీ క్రైస్తవుడు. ఖురైషీయులు కానుకలతో రాయబారులను పంపి, పారిపోయి వచ్చినవారిని తమకు అప్పగించమని కోరారు. రాజు ఇరుపక్షాల మాట విన్నాడు. హజ్రత్ జాఫర్ బిన్ అబీతాలిబ్ (రజి) చెప్పినది విన్న పిమ్మట శరణార్థులను అప్పగించడానికి నిరాకరించాడు. ఈ వృత్తాంతం మన పిల్లలకు సైతం తెలిసినదే.

అయితే అదే తూర్పు ఆఫ్రికాలో ఇస్లాం, క్రైస్తవం తిరిగి ముఖాముఖి నిలిచిన మరొక ఘట్టం ఉన్నది. అది పంతొమ్మిదవ శతాబ్దపు బుగాండా రాజ్య చరిత్ర. హబ్షాకు నైరుతి దిశగా, విక్టోరియా సరస్సు వాయవ్య తీరాన, నేటి ఉగాండా దేశపు నడిబొడ్డున ఉన్న రాజ్యమది. అచటి ముస్లిములను గురించి మన భాషలో వచ్చిన రచనలు బహు తక్కువ. క్రైస్తవ ప్రపంచానికి మాత్రం ఆ రాజ్యం పేరు చిరపరిచితం. 1886లో అక్కడ సజీవ దహనమైన యువకులు వారి చర్చి చరిత్రలో గొప్ప స్థానం పొందారు. వారికి పదేళ్ళ ముందు అదే స్థలంలో ముస్లిం యువకులు తమ విశ్వాసం కొరకు ప్రాణాలు అర్పించారని మనలో ఎందరికి తెలుసు?

ఈ చరిత్రలో మనకు గర్వకారణమైనదీ ఉన్నది, తలవంచుకోవలసినదీ ఉన్నది. రెంటినీ దాచకుండా చెప్పుకుంటేనే అందులోని అసలు విషయం బోధపడుతుంది. ఏమనగా, కొత్తగా వచ్చిన మతాలు ఆ జాతిని మూడు ముక్కలు చేయబోయినప్పుడు, అవి రాకమునుపే ఆ నేలలో వేళ్ళూనుకొని ఉన్న వంశధర్మం ఆ ఇంటిని కూలిపోకుండా నిలిపినది.

రాజ్యం, వంశాలు

బుగాండా రాజును 'కబాకా' అంటారు. ఆయన మహామంత్రిని 'కటికిరో' అంటారు. సర్దారుల సభ పేరు 'లుకీకో'. పైకి చూస్తే సర్వాధికారాలు గల రాజరికమే. కాని ఆ రాజరికానికి క్రింద అంతకంటె పాతదైన మరొక కట్టడి ఉన్నది. గాండా ప్రజలందరూ యాభైకి పైగా వంశాలుగా ఉంటారు. ప్రతి వంశానికీ ఒక చిహ్నం ఉంటుంది. సింహం, చిరుత, కోతి, నీటికుక్క, మిడత, పుట్టగొడుగు, ఇట్లా ప్రాణులు, మొక్కలు ఆ చిహ్నాలు. ఒక వంశంవారు తమ చిహ్నమైన ప్రాణిని తినరు. తమ వంశంలో వివాహం చేసుకోరు. పిల్ల ఎప్పుడూ మరొక వంశం నుండి రావలసినదే. అందువలన ప్రతి ఇంటికీ ఇతర వంశాలతో బంధుత్వం తప్పనిసరి.

ఇందులో ఒక విశేషం గమనించదగినది. ప్రజలందరికీ వంశం తండ్రి నుండి వస్తుంది. రాజకుమారునికి మాత్రం తల్లి నుండి వస్తుంది. సింహాసనం ఏ ఒక్క వంశపు సొత్తూ కాదు. ఏ వంశపు ఆడపడుచు కుమారుడైనా రేపు రాజు కావచ్చు. కబాకాకు గల బిరుదులలో ఒకటి 'సాబటాకా', అనగా వంశపెద్దలందరికీ పెద్ద.

వంశపెద్దల అధీనంలో పూర్వీకుల సమాధులున్న భూములు ఉండేవి. ఒక ఇంట మరణం సంభవిస్తే వంశమంతా కదలి రావలసినదే. ఉత్తరక్రియల నాడు వారసుని నిర్ణయించి అతనికి బాధ్యత ఒప్పగించేవారు. ఊరి బాట బాగుచేయవలెనన్నా, ఊటబావి పూడిక తీయవలెనన్నా డప్పు మ్రోగించి అందరినీ పిలిచేవారు. 'దేశపు మేలు' అనే పేరు గల ఆ శ్రమకు కూలి లేదు. వారి సామెతలలో మిక్కిలి ప్రసిద్ధమైనది ఒకటి ఉన్నది: కలిసి ఉన్న పళ్ళే మాంసాన్ని కొరకగలవు. పాఠకులు ఈ సామెతను గుర్తుంచుకొనవలెనని మనవి. మున్ముందు ఈ చరిత్ర ఒక మాంసఖండం చుట్టూనే తిరుగుతుంది.

ఈ వ్యవస్థ దోషరహితమని చెప్పడం లేదు. కబాకా కోపం వచ్చిననాడు అనేకుల తలలు తెగేవి. పొరుగు రాజ్యాలపై దాడులు చేసి మనుషులను బానిసలుగా పట్టుకువచ్చేవారు. అయినను ఒక మనిషి ఒంటరివాడు కాడు, అతని వెనుక ఒక వంశం ఉన్నదన్న భావం ఆ సమాజానికి ఆయువుపట్టు.

1844వ సంవత్సరం

ఆ సంవత్సరం తూర్పు ఆఫ్రికాలో రెండు సంఘటనలు జరిగాయి. జర్మనీకి చెందిన లుడ్విగ్ క్రాఫ్ అనే పాదిరీ, ఇంగ్లీషువారి చర్చ్ మిషనరీ సొసైటీ పక్షాన, మొంబాసా రేవులో దిగాడు. ఆ తీరమంతా అప్పుడు జాంజిబార్ సుల్తాను సయ్యద్ సయీద్ పాలనలో ఉన్నది. ముస్లిం సుల్తాను ఆ పాదిరీని అడ్డగించలేదు సరిగదా, ఇతడు మంచివాడు, ఇతనికి సహాయపడవలసినదని తన అధికారులకు పరిచయపత్రం వ్రాసి ఇచ్చాడు. కొద్ది నెలలలోనే క్రాఫ్ భార్య, పసిబిడ్డ జ్వరంతో మరణించారు. క్రాఫ్ బైబిలులోని ఆదికాండాన్ని స్వాహిలీ భాషలోకి తెచ్చే పని ఆరంభించినప్పుడు అతనికి తోడ్పడినవారు మొంబాసా ఖాజీ అలీ బిన్ మొహియుద్దీన్. ఒక ఖాజీకి తన ధర్మంపై నమ్మకం ఉన్నచోట పాదిరీ పక్కన కూర్చొని మాటకు మాట సరిచూడడానికి భయం కలుగలేదు. తూర్పు తీరంలో క్రైస్తవ బోధ ఇట్లా ముస్లిముల ఆతిథ్యంలో మొదలైనది.

అదే 1844లో అహ్మద్ బిన్ ఇబ్రాహీం అనే అరబ్బు వర్తకుడు తీరం నుండి లోతట్టుకు ప్రయాణించి బుగాండా రాజు సునా కొలువుకు చేరాడు. సునా ఒకనాడు కొందరిని చంపవలసినదిగా ఆజ్ఞాపించగా, ఈ వర్తకుడు లేచి నిలబడి, వీరిని సృష్టించినవాడు దేవుడు, వీరిని నిష్కారణంగా చంపడం పాపం అని చెప్పాడట. కొలువులో ఎవరూ రాజుతో అట్లా మాట్లాడి ఎరుగరు. సునా కోపించలేదు. ఆ దేవుని గురించి చెప్పమని అడిగి, ఖుర్ఆన్ భాగాలు కొన్ని విని నేర్చుకున్నాడు. బుగాండాలో ఇస్లాం మొదట వినిపించినది ఈ విధంగా, మనిషి ప్రాణాన్ని కాపాడే మాటగా.

అయితే వర్తకులందరూ అహ్మద్ బిన్ ఇబ్రాహీం వంటివారు కారు. తుపాకులు, గుడ్డలు తెచ్చి ఏనుగుదంతాలను, బానిసలను కొనిపోయినవారు వారిలో ఉన్నారు. పాదిరీలు తమ ప్రచారంలో ఈ విషయాన్ని పదేపదే ఎత్తిచూపారు. అది అబద్ధం కాదు గనుక, దానిని మనం ఒప్పుకొనక తప్పదు.

ముతేసా కొలువు

సునా తరువాత 1856లో రాజైన ముతేసా ఇస్లాం పట్ల ఆసక్తి చూపాడు. అరబీ, స్వాహిలీ భాషలు నేర్చాడు. 1867 నుండి దాదాపు పదేళ్ళు రంజాను ఉపవాసాలు పాటించాడు. రాజప్రాసాదంలో మసీదు కట్టించాడు. కొలువులోని బాలభటులు, సర్దారుల కుమారులు చదువు నేర్చారు. 'చదివేవారు' అన్న అర్థం గల 'బసోమి' అన్న మాట వారికి పేరైనది. తరువాత కాలంలో క్రైస్తవులైనవారిని కూడ అదే పేరుతో పిలిచారు. గాండా భాషలో నేటికీ 'చదువుట', 'ప్రార్థించుట' అన్న రెండు అర్థాలకూ ఒకే క్రియ ఉన్నది. మతానికి వారు వాడే మాట 'ఎద్దీని'; అది మన అరబీ 'దీన్' పదమే. అక్కడి క్రైస్తవుడు తన మతాన్ని కూడ ఆ మాటతోనే చెప్పుకుంటాడు.

ముతేసా రాజనీతిజ్ఞుడు. ఉత్తరాన ఈజిప్టు పాలకుడు ఖెదీవ్ ఇస్మాయీల్ పక్షాన గోర్డన్ అనే ఆంగ్లేయుడు నైలు నది వెంబడి దక్షిణానికి రాజ్యం విస్తరించుకుంటూ వస్తున్నాడు. ఈ సమయంలో, 1875 ఏప్రిల్ లో, స్టాన్లీ అనే యాత్రికుడు ముతేసా కొలువుకు వచ్చాడు. రాజు క్రైస్తవ బోధకులను కోరుతున్నాడని స్టాన్లీ వ్రాసిన లేఖ ఆ సంవత్సరం నవంబరులో లండన్ పత్రికలో వెలువడినది. ఈజిప్టు దండుకు అడ్డుకట్టగా తెల్లవారి స్నేహం ముతేసాకు అవసరమైనది. 1877లో ఇంగ్లీషు ప్రొటెస్టెంటు పాదిరీలు, 1879లో ఫ్రెంచి క్యాథలిక్ పాదిరీలు వచ్చి చేరారు. మొదట్లో వారు బోధించినది కూడ ముస్లిం వర్తకులు తెచ్చిన స్వాహిలీ భాషలోనే.

తరువాత కొన్నేళ్ళు ముతేసా సభలో వింత దృశ్యాలు కనిపించాయి. ముస్లిములు, ప్రొటెస్టెంట్లు, క్యాథలిక్కులు రాజు ఎదుట వాదించుకునేవారు. క్రైస్తవులు రెండు వర్గాలై పరస్పరం ఖండించుకోవడం చూసి సభాసదులు ఆశ్చర్యపడేవారు. 1879 చివరలో సర్దారులు అరబ్బుల మతమూ వద్దు, తెల్లవారి మతమూ వద్దు, మా పూర్వపు ఆచారమే మాకు చాలునని పలికారు. దీనిని మూర్ఖత్వమని పాదిరీలు వ్రాసుకున్నారు. కాని ఆ పెద్దల భయంలో అర్థం లేకపోలేదు. ఏ బోధకుని వెనుక ఏ రాజ్యం ఉన్నదో వారు చూస్తూనే ఉన్నారు.

నముగోంగో: పదేళ్ళలో రెండుసార్లు

1876లో జరిగినది వినండి. ముతేసా ఇస్లాం ఆచారాలు పాటించినా సున్తీ చేయించుకోలేదు. కబాకా శరీరం నుండి రక్తం చిందరాదన్నది ఆ రాజ్యపు కట్టుబాటు. ఈజిప్టు వైపు నుండి వచ్చిన ముస్లిం బోధకులు, సున్తీ లేని వ్యక్తి వెనుక నమాజు చేయరాదని, అతని కసాయి కోసిన మాంసం తినరాదని యువకులకు చెప్పారు. కొలువులోని ముస్లిం యువకులు రాజు పెట్టిన మాంసాన్ని తినలేదు. రాజు ముందు నిలబడగా వెనుక నమాజు చేయలేదు. గాండా సమాజంలో పెద్ద వడ్డించిన తిండిని కాదనడం ఆ పెద్దరికాన్నే కాదనడం. పైగా ఈజిప్టు సేన వస్తుందన్న భయం ఒక ప్రక్క ఉన్నది. తన బాలభటులు మరొక రాజు మనుషులైపోయారని ముతేసా అనుకున్నాడు. దాదాపు డెబ్బయి మందిని నముగోంగో అనే చోట దహనం చేయించినట్లు సాధారణంగా చెప్పబడుతున్నది. పారిపోయినవారు మరికొందరు. ఒకప్పుడు ఉపవాసం ఉండనివారిని శిక్షించిన రాజే ఈ పని చేశాడు.

1884 అక్టోబరులో ముతేసా మరణించగా అతని కుమారుడు మ్వాంగా చిన్న ప్రాయంలోనే రాజైనాడు. ఆ కాలంలో జర్మనులు తీరప్రాంతంలో భూములు ఆక్రమించసాగారు. తూర్పు దిక్కు నుండి వచ్చేవారు రాజ్యాన్ని మ్రింగుతారన్న నమ్మకం ప్రబలినది. 1885 అక్టోబరులో ఆ దారిన వస్తున్న బిషప్ హానింగ్టన్ ను మ్వాంగా ఆజ్ఞపై చంపారు. రాజు అనుచితమైన కోరికలను క్రైస్తవ బాలభటులు త్రోసిపుచ్చడం అతని ఆగ్రహాన్ని మరింత పెంచినది. 1885 నుండి 1887 వరకు 22 మంది క్యాథలిక్కులు, 23 మంది ప్రొటెస్టెంట్లు హతులైనట్లు లెక్క. వారిలో అధికసంఖ్యాకులు 1886 జూన్ 3న నముగోంగోలోనే దహనమైనారు.

ఆనాటి సంఘటన ఒకటి మనసును కలచివేస్తుంది. ప్రధాన తలారి ముకాజాంగా ఇంట పెరిగిన బాలుడు ంబాగా ఆ ఖైదీలలో ఉన్నాడు. మతం వదలమని, లేదా దాక్కొమ్మని ముకాజాంగా అతనిని బ్రతిమాలుకున్నాడు. బాలుడు అంగీకరించలేదు. చివరకు మంట బాధ తెలియకుండా ముందే మెడపై కొట్టి ప్రాణం తీయించాడు. రాజాజ్ఞకూ రక్తబంధానికీ నడుమ నలిగిన మనిషి చేయగలిగిన దయ అంతమాత్రమే.

క్యాథలిక్ అమరులను 1964లో పోపు ఆరవ పాల్ పునీతులుగా ప్రకటించాడు. నేడు నముగోంగోకు ఏటా జూన్ 3న లక్షలాది యాత్రికులు వస్తారు. ముస్లిం అమరుల పేర్లు ఆ విధంగా ప్రపంచానికి తెలియలేదు. దీనికి పాదిరీలను నిందించి ప్రయోజనం లేదు. వారు తమవారి పేర్లు, ఊర్లు, మాటలు వ్రాసి ఉంచారు. మనవారు వ్రాయలేదు.

తుపాకి చేతికి వచ్చిన తరువాత

1888లో మ్వాంగా ఈ 'చదివేవారి' నందరినీ, ముస్లిములనూ క్రైస్తవులనూ కలిపి, సరస్సులోని ఒక దీవికి చేర్చి వదలివేయాలని పన్నాగం పన్నాడు. విషయం పొక్కినది. ముస్లిములు, ప్రొటెస్టెంట్లు, క్యాథలిక్కులు ఏకమై సెప్టెంబరులో అతనిని గద్దె దింపారు. అన్నదమ్ములవలె పదవులు పంచుకున్నారు. కలిసి ఉన్న పళ్ళ సామెత నిజమైనదనిపించినది.

ఆ ఐక్యత ఒక నెల మాత్రమే నిలిచినది. అక్టోబరులో ముస్లిం సర్దారులు క్రైస్తవులను రాజధాని నుండి తరిమివేశారు. తాము గద్దెనెక్కించిన కివేవా సున్తీకి ఒప్పుకొనకపోగా అతనిని తొలగించి కలేమాను రాజును చేశారు. కలేమా తన గద్దెకు పోటీ లేకుండా చేసుకొనదలచి రాజకుమారులను, రాజకుమార్తెలను, తన తోబుట్టువులనే, కాల్పించి చంపించాడు. బలవంతపు సున్తీలకు ఆజ్ఞలిచ్చాడు. ధర్మంలో బలవంతం లేదన్న మౌలిక సూత్రం ఎరిగిన ఏ ముస్లిమూ ఈ పనిని సమర్థించలేడు. అది మతం పేరిట సాగిన అధికార దాహం. ఆ దేశంలో ఇస్లాంకు ఏ శత్రువూ చేయనంత నష్టం కలేమా చేశాడు. వంశాలన్నీ తమ ఆడపడుచుల బిడ్డలను పోగొట్టుకున్నాయి గదా! ఆ నెత్తురు ఏ ఒక్క వర్గానిదీ కాదు.

తరిమివేయబడిన క్రైస్తవులు ఎచటికి వెళ్ళారు? నైరుతిన ఉన్న న్కోరే రాజ్యానికి. ఆ రాజు ంటారే క్రైస్తవుడు కాడు, ముస్లిమూ కాడు. అయినను వారికి కబులా అనే ప్రాంతంలో చోటిచ్చాడు. కొద్దికాలానికి పాచిక తిరిగినది. 1889, 1890లలో జరిగిన యుద్ధాలలో ముస్లిములు ఓడి ఉత్తరాన బున్యోరో సరిహద్దుకు పోవలసి వచ్చినది. వారికి ఆ రాజు కబలేగా అండగా నిలిచాడు. హబ్షా నజాషీ కథ చదివినవారికి ఈ ఆశ్రయం విలువ వేరుగా చెప్పనక్కరలేదు. రాజకీయ లాభం వారికి లేదని కాదు. కాని శరణు కోరినవానిని గెంటివేయరాదన్న పాత మర్యాద ఆ నేలపై సజీవంగా ఉన్నది.

1890 డిసెంబరులో బ్రిటిష్ కంపెనీ ప్రతినిధి లుగార్డ్ సేనతో, మాక్సిం మరతుపాకితో కంపాలా చేరాడు. ఇక రెండు క్రైస్తవ వర్గాల వంతు వచ్చినది. జనం వారిని మతం పేరుతో గాక 'ఇంగ్లీషువారు', 'ఫ్రెంచివారు' అని పిలిచేవారు. 1892 జనవరి 24న మెంగో కొండ వద్ద ఆ ఇరువర్గాలు ఒకరినొకరు చంపుకున్నారు. లుగార్డ్ తుపాకులు ప్రొటెస్టెంట్లకు దొరికాయి, క్యాథలిక్కులు ఓడిపోయారు. అంటే నాలుగేళ్ళలో ముస్లిం క్రైస్తవుని తరిమాడు, క్రైస్తవుడు ముస్లింను తరిమాడు, క్రైస్తవుడు క్రైస్తవుని కాల్చాడు. ఏ మత గ్రంథంలోనూ ఈ పాఠం లేదు. పదవి, భూమి, తుపాకి మతంతో ముడిపడినప్పుడు ఏ మతంవారైనా ఇదే చేస్తారని బుగాండా చూపినది.

మ్బోగో నిర్ణయం

1890లో కలేమా మశూచితో మరణించగా ముస్లిములు మ్బోగోను తమ నాయకునిగా ఎన్నుకున్నారు. ఆయన సునా కుమారుడు, ముతేసాకు సోదరుడు. పూర్తి పేరు నూహ్ మ్బోగో. 1892లో లుగార్డ్ సంధి కోరాడు. మ్బోగోను అప్పగిస్తే తమ పక్షం నామరూపాలు లేకుండా పోతుందని అనుచరులు భయపడ్డారు. చర్చలు జరిగాయి. తుదకు మ్బోగో తన ప్రజలను వెంటబెట్టుకొని కంపాలా చేరాడు. ముస్లిములకు మూడు చిన్న జిల్లాలు ఇచ్చారు. మరుసటి సంవత్సరమే అందులో రెండు పోయాయి. బుతంబాలా ఒక్కటి మిగిలినది. మ్బోగో ఉంటే ప్రమాదమని భావించి 1893లో ఆయనను జాంజిబార్ కు పంపివేశారు. 1895లో తిరిగి రానిచ్చారు.

ఇన్ని అవమానాల తరువాత పగ తీర్చుకునే అవకాశం ఆయనకు 1897లో వచ్చినది. బ్రిటిషువారి కొలువులోని సూడానీ సిపాయీలు తిరుగుబాటు చేశారు. వారు ముస్లిములు. మ్బోగోను రాజును చేస్తామని వారి ఆశ చూపారు. ఆయన వారి పిలుపును అంగీకరించలేదు.

ఇది పిరికితనమా? అట్లా అనినవారు ఉండవచ్చును. ఆయన పరాయి పాలనకు తలవంచాడన్నది నిజం. కాని ఆయన ఎదుట ఉన్నది కలేమా కాలపు బూడిద. మరొక అంతర్యుద్ధం వస్తే చచ్చేది గాండా బిడ్డలే. గెలుపు ఎవరిదైనా, వంశాలు మరల ఒకచోట కూర్చునే దారి శాశ్వతంగా మూసుకొనిపోతుంది. 1900లో కుదిరిన ఉగాండా ఒప్పందంపై ఆయన కూడ సంతకం చేశాడు. సింహాసనంపై తన హక్కులు వదలుకున్నందుకు ఏటా 250 పౌనుల భరణం, తనకూ తన అనుచరులకూ 24 చదరపు మైళ్ళ భూమి దక్కాయి. ప్రొటెస్టెంటు, క్యాథలిక్ సర్దారులకు దక్కినదానితో పోలిస్తే ఇది స్వల్పమే. అయినను ఆ నేలపై ముస్లింలకు నిలువ నీడ దొరికినది. 1921లో మరణించేవరకు ఆయన బుగాండా ముస్లిముల పెద్దగా ఉన్నాడు.

వంశం నిలిపిన ఇల్లు

వలస ప్రభుత్వం పదవులను మతం ప్రాతిపదికపై పంచినది. పాఠశాలలు పాదిరీల చేతిలో ఉన్నాయి. తమ బిడ్డకు చదువు కావాలంటే క్రైస్తవ నామం పెట్టుకొనవలసి వస్తుందేమోనన్న సంకోచంతో అనేక ముస్లిం కుటుంబాలు చదువుకు దూరమైనాయి. చిన్న వ్యాపారాలు, కసాయి వృత్తి, తరువాత కాలంలో మోటారు డ్రైవరు పనులు వారికి మిగిలాయి. మ్బోగో కుమారుడు బద్రూ కకుంగులు ఈ లోటును గ్రహించి పాఠశాలల కొరకు పాటుపడ్డాడు. 1944లో ఉగాండా ముస్లిం విద్యాసంఘం ఏర్పడినది. ఈ మధ్యకాలంలో ముస్లిములు తమలో తాము చీలిపోయిన సంగతి కూడ చెప్పవలెను. శుక్రవారం జుమా నమాజు తరువాత జుహర్ నమాజు కూడ చేయవలెనా అన్న వివాదంపై రెండు వర్గాలైనారు. మన దేశంలోనూ ఈ చర్చ ఉన్నదే గనుక దీనిని విడమరచి చెప్పనక్కరలేదు.

పదవులు మతాన్ని బట్టి, పాఠశాలలు మతాన్ని బట్టి ఉన్నప్పుడు ఆ జాతి మూడు జాతులుగా విడిపోవలసినది. విడిపోలేదు. ఎందువలన? వంశాలు మతాన్ని బట్టి లేవు. చిరుత వంశంలో ముస్లిమూ ఉన్నాడు, క్యాథలిక్కూ ఉన్నాడు, ప్రొటెస్టెంటూ ఉన్నాడు. మన ప్రాంతంలో మతం మారినా ఇంటిపేరు మారని కుటుంబాలు ఉన్నట్లే అక్కడ మతం మారినా వంశం మారలేదు. ఇంట చావు వస్తే ముగ్గురూ రావలసినదే. ఉత్తరక్రియల సభలో ముగ్గురూ కూర్చొనవలసినదే. కష్టకాలపు మిత్రుడు అన్న అర్థం వచ్చే పేరుతో ఊరూరా ఉండే సహాయ సంఘాలు చనిపోయినవాని మతం అడగకుండా ఖననానికి చేతులు కలిపాయి. ప్రొటెస్టెంటు మహామంత్రి అపోలో కగ్వా సైతం 1912లో గాండా వంశాల చరిత్రను పుస్తకంగా వ్రాశాడు. 1920లలో సర్దారులు కాజేసిన వంశభూముల కొరకు వంశపెద్దలు చేసిన ఆందోళన ఏ మతానికీ చెందినది కాదు. 1952లో ఉగాండా నేషనల్ కాంగ్రెస్ ను స్థాపించినవారిలో ప్రొటెస్టెంటు అయిన ఇగ్నేషియస్ ముసాజీతో పాటు ముస్లిం యువకుడు అబూబకర్ మయాంజా ఉన్నాడు.

ఇక మాంసం విషయం. 1876లో ఏ మాంసం కారణంగా యువకులు మంటలలో పడ్డారో చూశాం. నేడు బుగాండాలో పెండ్లికిగాని, ఉత్తరక్రియలకుగాని బంధువులు సమావేశమైతే పశువును కోసే పని ముస్లింకు అప్పగించడం సర్వసాధారణమైన ఆచారం. ఇల్లు క్రైస్తవునిదైనా అంతే. ముస్లిం కోసినదైతే అందరూ తినవచ్చును గదా అని వారి వాదం. దీనికి ఏ ప్రభుత్వమూ చట్టం చేయలేదు. ఏ పాదిరీ, ఏ షేక్ ఫత్వా ఇవ్వలేదు. వచ్చిన చుట్టం ఆకలితో లేచిపోరాదన్న ఇంటి ఇల్లాలి పట్టుదలే ఈ పరిష్కారం కనిపెట్టినది. ముతేసా కొలువులోని మేధావులు ఈ చిన్న ఉపాయం ఆలోచించి ఉంటే ఆ యువకులు బ్రతికి ఉండేవారు.

ఈ కట్టడి అన్ని ఆపదలనూ ఆపగలిగినదని చెప్పజాలము. 1971 నుండి 1979 వరకు పాలించిన ఈదీ అమీన్ ముస్లిం. అతని కాలంలో 1977లో ఆర్చిబిషప్ జనానీ లువుం హతుడైనాడు. ముస్లిములలోనూ అతని చేతిలో నలిగినవారు ఉన్నారు. అతడు పారిపోయిన తరువాత 1979లో పశ్చిమ ఉగాండాలో ఆ పాలనతో సంబంధం లేని సామాన్య ముస్లిములపై పగ తీర్చుకున్నారు. తుపాకి మతం పేరు చెప్పుకున్నప్పుడల్లా నిరాయుధుడే మూల్యం చెల్లిస్తాడు.

మనం గ్రహించవలసినది

కొందరు మన విద్వాంసులు వంశాభిమానమంటే జాహిలియ్యత్ అవశేషమని తేల్చివేస్తారు. వంశం పేరిట అన్యాయాన్ని సమర్థించడం నిస్సందేహంగా జాహిలియ్యతే. కాని బంధుత్వాన్ని కలిపి ఉంచడం ఇస్లాం ఆదేశించిన ధర్మం. మక్కాలో బహిష్కార కాలాన బనూ హాషిం వంశంవారు, విశ్వసించినవారూ ఇంకా విశ్వసించనివారూ, షిఅబె అబీతాలిబ్ లో దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) వారితో కలిసి ఆకలిని అనుభవించారు. ఆ రక్షణ వంశధర్మం నుండి వచ్చినది. సత్యం దానిని త్రోసిపుచ్చలేదు, శుద్ధి చేసినది.

బుగాండా ముస్లిములు తమ దీన్ ను వదలుకొనలేదు. నమాజు వదలలేదు, హలాల్ హరాం విచక్షణ వదలలేదు. తమ బంధువుల ముందు తమ ఆచారాన్ని దాచనూ లేదు. పైగా ఆ ఆచారమే అందరూ కలిసి తినడానికి ఆధారమైనది. తన ధర్మంపై నిలబడుతూనే బంధువు పక్కన కూర్చోవడం సాధ్యమని వారు చూపారు. ఖాజీ అలీ బిన్ మొహియుద్దీన్ మొంబాసాలో చేసినదీ ఇదే.

చరిత్ర వ్రాసేవారికి మరొక బాధ్యత ఉన్నది. మనపై జరిగిన అన్యాయాన్ని లెక్కించే కలం మనవారు చేసిన అన్యాయాన్ని కూడ లెక్కించవలెను. న్యాయసాక్ష్యం తమకే వ్యతిరేకమైనా చెప్పవలెనన్నది దివ్య ఖుర్ఆన్ మనకు నేర్పిన విధి. నముగోంగోలో 1876నాటి డెబ్బయి మందిని స్మరించే మనం 1886నాటి యువకులను కూడ గౌరవంతో స్మరించాలి. కలేమా చంపించిన రాజబిడ్డలను మరువరాదు.

కంపాలా నగరం కొండలపై వెలసినది. ఒక కొండపై నమిరెంబే ప్రొటెస్టెంటు చర్చి, మరొకదానిపై రుబాగా క్యాథలిక్ చర్చి, ఇంకొకదానిపై కకుంగులు ఇచ్చిన స్థలంలో కట్టిన కిబులీ మసీదు ఉన్నాయి. ఒకదాని నుండి మరొకటి కనిపిస్తుంది. ఆ మూడు కొండలకు చెందిన బంధువులు ఒక ఇంట చావు జరిగిననాడు ఇప్పటికీ ఒకే చాపపై కూర్చుంటారు.